ఎడమ మూల గీతలు

8 ఫిబ్రవరి 1998, ఆదివారం

ఈ పుస్తకం గ్యాసు సిలిండర్లు వచ్చిన తేదీలు రాసుకోవడానికి తెచ్చుకున్నది. మొదటి రెండు పేజీలు దానికే పోయాయి. ఇకనుంచి ఇందులో కంప్యూటర్ సంగతులు రాస్తాను. నోటితో అంటే ఇంట్లో గొడవవుతోంది. రాసుకుంటే అవదు.

రైల్వే వర్క్‌షాపు డ్రాయింగ్ ఆఫీసులో పల్చటి కాగితాల మీద సిరాతో గీసిన పాత ట్రేసింగులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలన్నారు. మా ఆయన వంతుకి నలభై షీట్లు వచ్చాయి. జూన్ ముప్పై లోపల అయిపోతే కంప్యూటర్ సెక్షన్‌కి ఆయన్నే ఇన్‌ఛార్జిని చేస్తారట. కాకపోతే రికార్డు రూము. ముప్పై ఒక్క ఏళ్ళు గీసిన మనిషి బీరువాల తాళాలు చూసుకుంటూ కూర్చోవాలి. ఆఫీసులో మెషీను ఒక్కటి, మనుషులు నలుగురు. అందుకని ఇంట్లో మా మెషీను మీద గీసి ఫ్లాపీలో పట్టుకెళ్తున్నారు. ఫ్లాపీలోకి ఎక్కించడం, మీద పేరు, తేదీ రాయడం నా పని.

నిన్న తొమ్మిదో షీటు వెనక్కి వచ్చింది. వెనక్కి రావడం ఇది మూడోసారి. బోగీ ఫ్రేము డ్రాయింగు. ఎడమ పక్క రెండు బెజ్జాలు, ఒక కొలత లేవు. ఆఫీసులో చెకింగు చూసే సింహాచలం గారు ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి పంపారు.

"నేను గీసినాను సరోజా. ఈ కార్డు మింగేసింది," అన్నారు ఆయన.

మెషీను లోపల తెర మీద బొమ్మ వేసే కార్డు ఒకటుంటుంది. మాది ఒక ఎంబీది, పాతది. ఆయన గీసినవి అది తెర మీదికి తేవడం లేదంటారు. తెర మీద లేకపోతే గీయలేదేమో అనుకుని ఆయన మళ్ళీ గీస్తారు. ఒకచోట రెండు గీతలు, ఒకచోట ఒక్కటీ ఉండదు.

10 ఫిబ్రవరి

ఆయన రాలేదన్న గీత తెర మీద ఉంది. నేను చూశాను.

12 ఫిబ్రవరి, గురువారం

మళ్ళీ అదే. "రా, నీ కళ్ళతో సూడు" అని పిలిచారు. పోపు దించి వెళ్ళేసరికి ఎడమ కింది మూల గీతలన్నీ ఉన్నాయి. ఉన్నాయన్నాను. వేలు పెట్టి చూపించాను. ఆయన తల అటు తిప్పి చూసి, "ఇప్పుడొచ్చినాయి" అన్నారు.

అంటే ఆలస్యంగా వస్తున్నాయి. కార్డు మొత్తం బొమ్మ వేసేలోపలే ఆయన తొందరపడి చూస్తున్నారు. నాకు ఇదే సరైన కారణంగా తోస్తోంది.

చేతి గడియారం పెట్టుకుని కూర్చున్నాను. తెర ఒకసారి చెరిపి మళ్ళీ గీయమంటే మొత్తం రావడానికి ముప్పై ఎనిమిది సెకన్లు. ఆయన ఎప్పుడూ కుడి నుంచి మొదలుపెట్టి గీస్తారు కాబట్టి ఎడమ మూల ఆఖరున వస్తుంది. ముప్పై ఎనిమిది సెకన్లు చిన్నవి కావు. అన్నం వార్చేయొచ్చు.

15 ఫిబ్రవరి, ఆదివారం

ఝపటాపూర్‌లో కంప్యూటర్లు బిగించే జ్ఞానరత్నం వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, ఈ మెషీను ఇచ్చిందీ అతనే. పెట్టె విప్పి కార్డు తీసి అరచేతిలో పెట్టుకుని చూపించాడు. పూరీ అంత ఉంది.

"పిన్నీ, లోపల ఇద్దరు పనోళ్ళనుకోండి. ఒకడు లెక్క కడతాడు. ఒకడు రంగేస్తాడు. కార్డంటే రంగేసేవోడు. మీవోడు ముసిలోడైపోనాడు."

"ముసిలివాడైతే గీతలు వదిలేస్తాడా?"

"నిదానంగా ఏస్తాడు పిన్నీ. ఒదిలెయ్యడమంటే..." తల గోక్కున్నాడు.

"ఒదిలేస్తాడయ్యా," అన్నారు ఆయన. "మా ఆఫీసులో ముసిలోళ్ళు పని ఒదిలెయ్యటం నేదేటి? కార్డుకేటి, పెన్షనా పాడా?"

ముగ్గురం నవ్వాం. నాలుగు ఎంబీల కొత్త కార్డు ఒకటి తెచ్చి పెడతానన్నాడు. నెల వాడి చూసి నచ్చితే ఉంచుకోమన్నాడు. పాతది పారెయ్యవద్దు, పోల్చి చూడాలి అన్నాను. "పిన్ని ఆడిటర్‌గా ఉండాల్సిన మనిషి" అని ఆయనతో అన్నాడు. ఆయన "ఇంట్లో ఉంది కదా ఆడిటు, ఇంక బయటెందుకు" అన్నారు.

22 ఫిబ్రవరి, ఆదివారం

పోల్చాను. పొద్దున్న పాత కార్డు, మధ్యాహ్నం కొత్త కార్డు. రెండింటికీ అదే షీటు, అదే మెషీను. ఒక్కో పరీక్ష ఆరుసార్లు. మొదటిసారిది లెక్కలోకి తీసుకోలేదు, మొదటిసారి ఏదైనా ఎక్కువే పడుతుంది. మిగిలిన అయిదూ రాశాను.

తెర పెద్ద సైజులో పెట్టి మొత్తం బొమ్మ మళ్ళీ గీయడానికి: పాతది 38, 38, 39, 38, 37. కొత్తది 11, 11, 12, 11, 11.

తెర చిన్న సైజులో: పాతది 14, కొత్తది 9. అంటే తెర పెరిగేకొద్దీ పాత కార్డు చతికిలపడుతుంది. చిన్న తెర మీద తేడా అంత లేదు. ఇది జ్ఞానరత్నం చెప్పలేదు, నేను కనుక్కున్నాను.

షీటు మొదట తెరవడానికి రెండింటికీ 52. పెద్దది చేసి చూసేటప్పుడు మెషీను లెక్క కట్టుకునే పనికి పాతదానితో 24, కొత్తదానితో 22. ఇక్కడ కొత్త కార్డు వల్ల లాభం లేదు. లెక్క కట్టేవాడు మారలేదు కదా.

ఆయనకి చదివి వినిపించాను. "మూడింతలు!" అన్నారు. చాలా రోజుల తర్వాత మధ్యాహ్నం కునుకు తీశారు.

2 మార్చి, సోమవారం

పద్నాలుగో షీటు వెనక్కి వచ్చింది. కొత్త కార్డు మీద గీసినది. ఎడమ పక్క మూడు గీతలు లేవు.

4 మార్చి

కళ్ళేమో అన్న మాట ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను, నేనే పరీక్షించాను.

మా నాన్నగారు ఇంజన్ డ్రైవరు. ఈ ఊళ్ళో ఎవరూ తమంతట తాము కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళరు. రైల్వే మెడికల్ పరీక్షలో కళ్ళు తప్పితే డ్యూటీ పోతుంది. ఆస్పత్రిలో అక్షరాల ఛార్టు ఏ వరసలో ఉంటుందో మా ఇంట్లో అయిదుగురు పిల్లలకీ కంఠతా వచ్చు. నాన్నగారికి మేమే అప్పజెప్పించేవాళ్ళం. యాభై రెండో ఏట ఛార్టు మార్చారు. నాన్నగారు ఇంజను దిగి ఆఫీసులో ఫైళ్ళు మోశారు.

అందుకని ఆయన్ని ఛార్టుతో కాకుండా పరీక్షించాను. గోడ మీది కేలండర్లో తిథుల చిన్న అక్షరాలు, ఇరవై అడుగుల దూరం, కొలతపట్టీతో కొలిచి. అడిగినవన్నీ చదివారు. నేను చదవలేనివి కూడా చదివారు.

"సిక్స్ బై సిక్స్," అన్నారు. "నాయి డ్రైవరు కళ్ళే. మీ నాన్నకి ఇయ్యాల్సింది."

కళ్ళు బాగున్నాయి. తప్పు కార్డుది.

9 మార్చి, సోమవారం

పూరీ గేట్ దగ్గర ఆయన సైకిలు రిక్షాకి తగిలింది. ఎడమ హ్యాండిలు వంగింది, మోచేయి గీసుకుపోయింది. రిక్షా అతను "దేఖే చోలున్ దాదా!" అని అరిచాడట. రిక్షా అతనే పక్కనుంచి వచ్చి తగిలి, మళ్ళీ తనని చూసుకుని నడవమన్నాడని ఆయన కోపం. ఎడమ వైపు నుంచి వచ్చాడట.

అయొడిన్ రాశాను.

13 మార్చి, శుక్రవారం

నాలుగు రోజుల క్రితం కొత్త పద్ధతి పెట్టాను. ఒక పేజీలో తెర బొమ్మలాగా చతురస్రం గీశాను. ఆయన "ఇక్కడ రానేదు" అన్నప్పుడల్లా ఆ చోట ఇంటూ గుర్తు పెడుతున్నాను. నాలుగు రోజుల్లో ముప్పై ఒకటి. అన్నీ ఎడమ సగంలోనే ఉన్నాయి. మధ్యలో లేవు. కుడి వైపు ఒక్కటీ లేదు.

కార్డు ఎడమ వైపు బలహీనంగా ఉందని రాసుకుంటున్నాను.

17 మార్చి, మంగళవారం

ఆయన ఆఫీసుకి వెళ్ళాక జ్ఞానరత్నాన్ని పిలిచి పాత కార్డు తిరిగి పెట్టించాను. ఆయనకి చెప్పలేదు. ఏ కార్డో తెలియకుండా గీస్తేనే సరైన పోలిక అవుతుంది.

18 మార్చి

"వోల్టేజి తక్కువున్నట్టుంది, నీరసంగా ఉంది మెషీను" అన్నారు. అవునన్నాను.

20 మార్చి, శుక్రవారం

మూడు రోజుల ఫలితం. పాత కార్డు మీద ఇంటూలు ఇరవై ఏడు. కొత్త కార్డు పేజీ, పాత కార్డు పేజీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకి పట్టుకున్నాను. గుర్తులు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

కొత్త కార్డు తిరిగి పెట్టడానికి వచ్చిన జ్ఞానరత్నానికి చూపించాను. చాలాసేపు చూశాడు.

"పిన్నీ, రెండు కార్డులు ఒకే తప్పు సెయ్యవు."

"మానిటరేమో."

"మానిటరైతే మీకూ కనబడకూడదు కదా."

స్క్రూ బిగించి వెళ్ళిపోయాడు. టీ తాగలేదు.

21 మార్చి

ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు తెర మీద బొమ్మని జరిపాను. ఎడమ వైపున్నది కుడికి వచ్చింది. ఆయన తల తుడుచుకుంటూ వచ్చి కూర్చుని, "అదిగో, ఒచ్చేసినాయి" అన్నారు.

రేపు ఆలోచిస్తాను.

22 మార్చి

ఆలోచించలేదు. బియ్యంలో పురుగు పడితే ఎండబెట్టాను.

24 మార్చి, మంగళవారం

ఆలోచించాను. రైల్వే ఆస్పత్రికి తీసుకెళ్తే కాగితం ఆఫీసుకి వెళ్తుంది. మెడికల్ అన్ఫిట్ అంటే ఇన్‌ఛార్జి లేదు, గీత గీసే పనీ లేదు. బయట డాక్టరుకి చూపిస్తే ఊళ్ళో తెలియకుండా ఉండదు. జూన్ ముప్పై దాకా ఆగితే షీట్లు అయిపోతాయి, ఆర్డరు చేతికొస్తుంది. అప్పుడు చూపిస్తాను. మూడు నెలలు. నొప్పి లేదంటున్నారు. నీళ్ళు కారడం లేదు, ఎరుపు లేదు. కేలండర్ చదువుతున్నారు.

మూడు నెలలకి ఏమవుతుంది.

28 మార్చి, శనివారం

పదిహేడో షీటు. ఆయన అయిపోయిందని లేచి స్నానానికి వెళ్ళారు. నేను ఫ్లాపీ పెట్టేముందు పాత ట్రేసింగు పక్కన పెట్టుకుని చూశాను. నాలుగు గీతలు లేవు. గీత ఎలా వేస్తారో రెండు నెలలుగా చూస్తున్నాను. వేశాను. నాలుగు గీతలకి ఇరవై నిమిషాలు పట్టింది. కొత్త కార్డు ఉంది కాబట్టి అంతలో అయింది.

31 మార్చి

పదిహేడు పాసు. సింహాచలం గారు "దాదా, ఇప్పుడు పాత చెయ్యి పడింది" అన్నారట.

"సూసినావా? కొత్త కార్డు!" అన్నారు ఆయన. రసగుల్లాలు తెచ్చారు.

6 ఏప్రిల్

షీటు 18 పాసు. నేను వేసిన గీతలు ఆరు.

11 ఏప్రిల్

షీటు 19. నావి అయిదు. తగ్గింది.

15 ఏప్రిల్

షీటు 20. తొమ్మిది. పెద్ద డ్రాయింగు.

19 ఏప్రిల్

షీటు 21. ఎనిమిది.

24 ఏప్రిల్

షీటు 22. పదకొండు. ఇందులో కొలతలు కూడా ఉన్నాయి, ట్రేసింగులో సిరా పాకింది, భూతద్దం పెట్టి చూశాను.

ఆయన కంచంలో ఎడమ వైపు కూర మిగిల్చేస్తున్నారు. ఉప్పు ఎక్కువైందా అని అడిగితే, కూర ఎక్కడ వేసినావు అన్నారు. కంచం తిప్పి పెట్టాను.

29 ఏప్రిల్

షీటు 23. పదిహేను.

4 మే

షీటు 24. పద్నాలుగు. ఒకటి తగ్గింది.

9 మే

షీటు 25. పదిహేడు. చిన్న డ్రాయింగే.

14 మే, గురువారం

రిటైర్మెంటు యాభై ఎనిమిది నుంచి అరవైకి పెంచారు. రైల్వే క్వార్టర్లన్నింటిలో మిఠాయిలు. వర్క్‌షాపు సైరన్ కొట్టాక గేట్లోంచి వచ్చే సైకిళ్ళ మీద అందరూ నవ్వుతూనే ఉన్నారు. ఆయనా సందేశ్ పొట్లంతో వచ్చారు.

"ఇంకా మూడేళ్ళనుకున్నాను. అయిదేళ్ళు! అయిదేళ్ళు గియ్యొచ్చు సరోజా."

నోట్లో పెట్టారు. తిన్నాను.

అయిదేళ్ళకి ఎన్ని షీట్లో లెక్క వేయబోయి మానేశాను.

17 మే, ఆదివారం

పక్క క్వార్టరు ఆలిస్ గారు వచ్చారు. రైల్వే ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. వీధిలో అందరికీ ఆవిడ సిస్టరే. వాళ్ళ మనవరాలి బారసాల కేకు తెచ్చారు. ఆయన వరండాలో కూర్చుని ఉంటే ఎడమ పక్కన నిలబడి ప్లేటు చాపారు. ఆయన పేపరు చదువుకుంటూనే ఉన్నారు. ఆవిడ అలాగే చాపి నిలబడ్డారు. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. ఏమండీ అని పిలవొచ్చు. పిలవలేదు.

ఆవిడ ప్లేటు పిట్టగోడ మీద పెట్టి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"అన్నయ్యా, నా ముక్కు సూడు. ముక్కే సూడాలి. అందంగా నేదని పక్కకి సూడకు."

"ముప్పై ఏళ్ళుగా సూడనిది ఇప్పుడు సూడమంటావేటి సిస్టర్."

"సూస్తున్నావా? కదపకు. నేను ఎన్ని వేళ్ళు సూపిస్తున్నానో సెప్పు."

కుడి పక్క రెండు అన్నారు, సరే. మూడు అన్నారు, సరే. తర్వాత ఆవిడ రెండో చెయ్యి ఆయన ఎడమ పక్కకి ఎత్తి వేళ్ళాడించారు.

"ఇప్పుడెన్ని?"

"ముందు సెయ్యి ఎత్తు," అన్నారు ఆయన నవ్వుతూ.

ఆవిడ చెయ్యి మెల్లగా మధ్యకి తెచ్చారు. ముక్కు దగ్గరికి వచ్చాక ఆయన ఉలిక్కిపడ్డారు. ఎక్కడినుంచో ఊడిపడినట్టు ఆ చేతిని చూశారు. నవ్వు ఆగిపోయింది.

ఆవిడ నన్ను వంటింట్లోకి తీసుకొచ్చారు.

"వదినా, ఇది కంటిలో నీటి ఒత్తిడి. గ్లాకోమా అంటారు. నరం ఎండిపోతాది. నొప్పుండదు. ముందు పక్క సూపు తినేస్తాది, అక్షరాలు సదివే నడిమి సూపు ఆఖరికి. అందుకే ఛార్టులో పాసయిపోతారు. ఎన్నాళ్ళయింది?"

"ఈమధ్యే," అన్నాను.

ఆవిడ నా మొహం చూశారు. "ఆగడానికి నేదు. కలకత్తా తీసుకుపో, ఎల్లుండే," అన్నారు.

19 మే, మంగళవారం

హౌరా లోకల్లో వెళ్ళాం. నేను ఆయనకి ఎడమ పక్కన కూర్చున్నాను. సాంత్రాగాచి స్టేషను దాటాక "సరోజా, ఎక్కడున్నావు?" అన్నారు. చెయ్యి పట్టుకున్నాను.

అక్కడ కంటి ఆస్పత్రిలో గిన్నెలాంటి దాంట్లో మొహం పెట్టించి లోపల చుక్క వెలుగులు వేస్తారు. వెలుగు కనిపించినప్పుడల్లా మీట నొక్కాలి. ఒక్కో కంటికి పావుగంట. నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. మీట చప్పుడు కొంతసేపు టకటకా వస్తోంది. కొంతసేపు అసలు రాదు. ఆ రాని సేపంతా లోపల వెలుగులు వెలుగుతూనే ఉన్నాయని నాకు తెలుసు.

తర్వాత కాగితం వచ్చింది. ఎడమ కన్ను దాదాపు అంతా నలుపు. కుడి కంటిలో ముక్కు వైపు సగం నలుపు. రెండు కళ్ళకీ కలిపి ఎడమ వైపు లేదు.

నా చేతిసంచిలో ఈ పుస్తకం ఉంది. ఇంటూ గుర్తుల పేజీ ఉంది. తీసి చూడక్కర్లేదు.

డాక్టరు వయసైన బెంగాలీ ఆయన. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టొచ్చు, కంట్లో చుక్కల మందు రోజుకి రెండుసార్లు, పన్నెండు గంటల తేడాతో, ఒక్కపూట కూడా తప్పకూడదు అన్నారు. ఎప్పటినుంచి తెలుస్తోందని అడిగారు. మా ఆయన "పది పదిహేను రోజులు" అన్నారు. పది పదిహేను రోజుల్లో ఇంత పోదు, రెండు మూడు నెలల ముందు వచ్చి ఉంటే కుడి కంట్లో ఇంకా కొంత దక్కేదని డాక్టరు అన్నారు.

నన్నెవరూ అడగలేదు. నేను చెప్పలేదు.

20 మే

ఉదయం ఏడున్నర చుక్కలు. సాయంత్రం ఏడున్నర చుక్కలు.

21 మే

ఏడున్నర. ఏడున్నర.

"కార్డు తిరిగి ఇచ్చెయ్యి. పాపం, దాన్ని తిట్టినాను," అన్నారు ఆయన.

22 మే, శుక్రవారం

ఆఫీసుకి సెలవు పెట్టారు. పొద్దున్న చుక్కలు వేశాక ఈ పుస్తకం తెచ్చి ఎదురుగా కూర్చుని మొదటి నుంచి చదివాను. కుడి పక్కన కూర్చున్నాను. సిలిండర్ల పేజీలు వదిలేశాను. మిగిలినవన్నీ చదివాను. "రేపు ఆలోచిస్తాను" చదివాను. "ఆలోచించలేదు" చదివాను. "ఈమధ్యే అన్నాను" చదివాను. మధ్యలో నీళ్ళు తాగి మళ్ళీ చదివాను.

ఆయన ఒక్కసారే అడ్డు వచ్చారు.

"ఏ రోజు పాత కార్డు పెట్టినావన్నావు?"

"మార్చి పదిహేడు."

"వోల్టేజి అన్నాను. నువ్వు అవునన్నావు."

"అన్నాను."

అయిపోయాక ఆయన పుస్తకం తీసుకుని మూసేశారు. తర్వాత అన్నారు: "గీతలు గీసినావు, అది నా కోసం. కార్డు మార్చి నన్ను సూసినావు, అదీ సరే. సూసినాక నాకు సెప్పనేదు. కన్ను ఎవరిది సరోజా?"

"మీది."

"మరి నాకు సెప్పనేదు."

మధ్యాహ్నం అన్నం తినలేదు. సాయంత్రం చుక్కలకి మాత్రం తల వెనక్కి వంచారు.

23 మే

ఏడున్నర. ఏడున్నర. 

24 మే, ఆదివారం

టిఫిను అయ్యాక తనే మెషీను ముందు కూర్చున్నారు.

"నువ్వు గీసిన షీట్లెన్ని?"

"పదకొండు. పదిహేడు నుంచి ఇరవై ఏడు దాకా." ఇరవై ఆరు, ఇరవై ఏడు ఇందులో రాయలేదు, ఫ్లాపీల మీద రాశాను. పంతొమ్మిది గీతలు, ఇరవై రెండు గీతలు. మొత్తం నూటముప్పై.

"తియ్యి ఒక్కొక్కటీ. ట్రేసింగులు తే."

షీటు తెరిచాను. బొమ్మ మొత్తం కుడికి జరపమన్నారు. ఎడమ వైపున్నదంతా కుడికి వచ్చాక, తల కొంచెం తిప్పి, ఒక్కో గీతా చూశారు. ట్రేసింగు కూడా కుడి పక్కనే పెట్టుకున్నారు. నేను గీత చెప్తుంటే ఆయన "ఊఁ" అంటున్నారు. మధ్యగీతని ముక్కలు ముక్కలుగా కాకుండా నిండుగా వేశానని రెండు చోట్ల కోప్పడ్డారు. పనిలో తప్పు చూసినప్పుడు ఆయన కోపం మామూలు కోపం. ప్రాణం లేచొచ్చింది.

ఇరవై రెండో షీటు దగ్గర ఆగారు.

"ఈ అంకె ఏటి?"

"తొమ్మిది బై పదహారు అంగుళాలు."

"ట్రేసింగులో ఏడు. సిరా పాకి తొమ్మిదిలాగా ఉంది. ఈ బోల్టు ఏడు బై పదహారుకి మించి ఉండదు, ఈ ఊళ్ళో ఏ ఫిట్టరైనా సెప్తాడు. తొమ్మిది అని బెజ్జం తొలిస్తే బోల్టు ఆడతాది. ఆడితే..." ఆపేశారు.

"చెకింగులో పాసయింది కదా."

"సింహాచలం గీత ఉందా నేదా అని సూసినాడు. అంకె సూడనేదు. నా అంకె అని నమ్మినాడు."

 భూతద్దం పెట్టి మరీ రాసిన అంకె అది.

"వర్క్‌షాపులోకి వెళ్ళిపోయిందా?"

"ఇంకా నేదు. జూన్‌లో కట్టగా పంపుతారు. రేపు నేను ఎల్తాను."

"వెళ్ళి ఏం చెప్తారు?"

"ఉన్నది సెప్తాను. మెడికల్‌కి పంపమని నేనే రాసిస్తాను. పంపనీ. రికార్డు రూము ఇస్తే రికార్డు రూము. అదీ ఇవ్వకపోతే అదీ నేదు."

నూటముప్పైలో తప్పు అంకె ఒక్కటి. మిగిలినవి సరిపోయాయని ఆయన నోటితో అనలేదు. కానీ సరిపోయిన చోట "ఊఁ" అన్నారు, నేను లెక్కపెట్టాను.

25 మే, సోమవారం

ఏడున్నర చుక్కలు.

సైరన్‌కి ముందే మెషీను ముందు కూర్చున్నారు. ఇరవై రెండో షీటులో తొమ్మిది చెరిపి ఏడు నన్నే వేయమన్నారు. వేశాను. తర్వాత ప్రతి డ్రాయింగుకీ పేర్లు ఉండే గడి తీయమన్నారు. గీసినది ఎవరు, చూసినది ఎవరు అని పొడి అక్షరాలు ఉంటాయి. గీసినది అన్నచోట ఈ.పి. అని ఉంది. ఈశ్వరప్రసాద్, ఆయనది.

"పక్కన నీది పెట్టు."

"వద్దండీ. అందరికీ తెలుస్తుంది."

"తెలియాలి. రేపు ఇందులో ఇంకో అంకె తప్పొస్తే ఎవర్ని అడగాలో తెలియాలి. సగం నువ్వు గీసి నా పేరు పెట్టుకుంటే అది దొంగ డ్రాయింగు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కటి గియ్యనేదు నేను."

కామా పెట్టి ఎస్.డి. అని వేశాను. పదకొండు షీట్లలోనూ వేశాను. నా పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా లేదు. సరోజాదేవి. ఎస్.డి. అంటే ఎవరని ఆఫీసులో అడుగుతారు. ఆయన చెప్తారు.

ఆ గడి డ్రాయింగులో ఎప్పుడూ కింద కుడి మూలనే ఉంటుంది. ఆయన తల తిప్పకుండానే పదకొండు చోట్లా చదువుకుని, ఫ్లాపీ జేబులో పెట్టుకుని లేచారు.